చలికాలంలో బండి నడిపే పద్ధతి: పెట్రోల్ మిగలాలి, మనం క్షేమంగా చేరాలి

మా కారు డాష్‌బోర్డు అరలో ఒక చిన్న నోట్‌బుక్ ఉంటుంది. ట్యాంకు నింపించిన ప్రతిసారీ తేదీ, మీటరు మీదున్న కిలోమీటర్లు, పోయించిన లీటర్లు అందులో రాస్తాను. పన్నెండేళ్ల అలవాటు. ఏ పేజీ చలికాలంలో రాసిందో తెలుసుకోవడానికి తేదీ చూడక్కర్లేదు, లెక్క చూస్తే చాలు. అదే కారు, అదే దారి, నడిపేదీ నేనే. లీటరుకు వచ్చే కిలోమీటర్లు మాత్రం తగ్గిపోతాయి. మొదట్లో కారులో ఏదో లోపం ఉందని కంగారుపడి రెండుసార్లు మెకానిక్‌కి చూపించాను. లోపమేమీ లేదు. అదంతా చలి పని.

అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం, 25 డిగ్రీల దగ్గర పెట్రోల్ కారు ఇచ్చే మైలేజీ మైనస్ 7 డిగ్రీలకి వచ్చేసరికి ఊళ్లో తిరుగుళ్లలో దాదాపు 15 శాతం పడిపోతుంది. ఐదారు కిలోమీటర్ల చిన్న ప్రయాణాలైతే 24 శాతం దాకా పోవచ్చు. కారణం ఒకటి కాదు. ఇంజిన్ ఆయిల్ చలికి చిక్కబడుతుంది, దాన్ని కదిలించడానికే కొంత బలం ఖర్చవుతుంది. చల్లటి ఇంజిన్‌లో పెట్రోల్ సరిగా ఆవిరి కాదు కాబట్టి మామూలుకన్నా ఎక్కువ పెట్రోల్ పంపాల్సి వస్తుంది. టైర్లలో గాలి తగ్గుతుంది. బయటి గాలి చిక్కబడి బండికి ఎక్కువ అడ్డం పడుతుంది. హీటర్ ఫ్యాను, వెనకద్దం వేడిచేసే తీగలు, లైట్లు అన్నీ ఒకేసారి కరెంటు లాగుతాయి.

ఇన్నేళ్లలో నాకు గట్టిగా నమ్మకం కుదిరిన విషయం ఒకటుంది. చలికాలంలో పెట్రోల్ మిగిల్చే అలవాట్లు, ప్రాణం కాపాడే అలవాట్లు నూటికి తొంభై పాళ్లు ఒకటే. రెండూ విడిపోయే చోట్లు కొన్ని ఉన్నాయి. అక్కడ పెట్రోల్ సంగతి పక్కన పెట్టేయాలి. ఆ చోట్లేవో కూడా చెప్తాను.

ఇంజిన్ ఆన్ చేసి నిలబెట్టకండి

నాకు డ్రైవింగ్ నేర్పిన పెద్దాయన పొద్దున్నే ఇంజిన్ ఆన్ చేసి పది నిమిషాలు వదిలేసేవారు. కార్బ్యురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే పాత పరికరం) బళ్లున్న రోజుల్లో అది సరైన పద్ధతే. వేడెక్కకుండా కదిలిస్తే ఇంజిన్ దగ్గి ఆగిపోయేది. ఇప్పటి బళ్లలో ఇంజెక్టర్లు ఉన్నాయి, ఎంత పెట్రోల్ కావాలో కంప్యూటరే చూసుకుంటుంది. స్టార్ట్ చేశాక అర నిమిషం ఆగితే ఆయిల్ అన్ని చోట్లకీ చేరుతుంది. ఆ తర్వాత నెమ్మదిగా కదలడమే మంచిది. ఎందుకంటే నిలబడి ఉన్న ఇంజిన్‌ కన్నా నడుస్తున్న ఇంజిన్ చాలా త్వరగా వేడెక్కుతుంది. పైగా చల్లటి ఇంజిన్‌ని చాలాసేపు ఊరికే తిప్పితే, కాలకుండా మిగిలిన పెట్రోల్ సిలిండర్ గోడల మీదున్న ఆయిల్ పొరని కడిగేస్తుంది. ఇంజిన్‌కి మంచి జరుగుతుందనుకుని చేసే పని అరుగుదల తెచ్చిపెడుతుంది.

నిలబడి ఉన్న ఇంజిన్, దాని సైజుని బట్టి, గంటకి లీటరు నుంచి రెండు లీటర్ల దాకా తాగుతుంది. రోజూ పది నిమిషాల చొప్పున మూడు నెలలు లెక్కేస్తే 15 గంటలు. అంటే 15 నుంచి 30 లీటర్లు ఇంటి ముందే కాలిపోయినట్టు.

కదిలాక మొదటి ఐదారు కిలోమీటర్లు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కొద్దు. ఆయిల్ ఇంకా చిక్కగానే ఉంటుంది. ఆయిల్ డబ్బా మీద 5డబ్ల్యూ-30 లాంటి అంకె ఉంటుంది కదా, అందులో డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత సులువుగా పారుతుందో చెబుతుంది. అది ఎంత తక్కువైతే చల్లటి పొద్దున ఇంజిన్‌కి అంత హాయి. కానీ మీ ఇష్టం వచ్చింది పోయించకండి, కారు మాన్యువల్‌లో రాసిన గ్రేడే వాడండి.

ఇంకో మాట. మూడు పనులుంటే మూడుసార్లు కారు తీయకుండా ఒకే తిరుగుడులో కలపండి. అందులోనూ అన్నిటికన్నా దూరంగా ఉన్న చోటికి ముందు వెళ్లండి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కుతుంది. తిరిగొస్తూ దగ్గర పనులు చూసుకుంటే ప్రతిసారీ వేడి ఇంజినే స్టార్ట్ అవుతుంది. ఈ ఒక్క మార్పు నా నోట్‌బుక్‌లో స్పష్టంగా కనిపించింది.

టైర్లు

దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను. రోడ్డుని తాకేవి టైర్లే కదా, అది కూడా ఒక్కో టైరు అరచేతి కన్నా కాస్త ఎక్కువ మేర.

ఉష్ణోగ్రత ఐదున్నర డిగ్రీలు తగ్గితే టైరులో సుమారు 1 పీఎస్‌ఐ గాలి ఒత్తిడి తగ్గుతుంది. 30 డిగ్రీల ఎండలో 33 పీఎస్‌ఐ పెట్టించుకున్న టైరు, చీలా పంచరూ ఏమీ లేకుండానే, 5 డిగ్రీల పొద్దున 28 పక్కకి వచ్చేస్తుంది. కంటికి తేడా తెలియదు. టైరు మాత్రం మెత్తబడి, రోడ్డుని ఈడ్చుకుంటూ తిరుగుతుంది. పెట్రోల్ దండగ, అంచులు అరుగుతాయి, స్టీరింగ్ మాట వినడం మందగిస్తుంది.

నేను ఒక చిన్న గేజ్ కొనుక్కుని డిక్కీలో పెట్టుకున్నాను. రెండు వారాలకోసారి, పొద్దున్నే, కారు కదలకముందే చూస్తాను. నడిపి వచ్చాక చూస్తే టైరు వేడికి అంకె ఎక్కువ చూపిస్తుంది, అది నమ్మకూడదు. కనీసం మూడు గంటలు ఆగి ఉన్న టైరు అయితేనే లెక్క సరిగా వస్తుంది. ఎంత ఉండాలన్నది డ్రైవర్ డోర్ తెరిస్తే పక్క స్తంభం మీద అంటించిన స్టిక్కర్ చెబుతుంది. టైరు గోడ మీద అచ్చుపోసిన అంకె చూసి గాలి కొట్టించేవాళ్లు చాలామంది ఉన్నారు. అది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ ఒత్తిడి, మీ కారుకి కావలసింది కాదు. చలికాలంలో పట్టు పెరుగుతుందని గాలి తగ్గించుకోమని కొందరు సలహా ఇస్తారు. మామూలు రోడ్ల మీద ఆ పని చేయకండి.

7 డిగ్రీల కిందికి వెళ్లాక మామూలు వేసవి టైరు రబ్బరు గట్టిపడి పట్టు తగ్గుతుంది. మంచు పడే చోట ఉన్నవాళ్లు చలికాలపు టైర్లు వేయించుకోవడం ఖర్చు కాదు, అవసరం. టైరు గోడ మీద మూడు కొండ కొసల మధ్య మంచు పువ్వు గుర్తు ఉందా లేదా చూడండి. ఆ గుర్తు మంచులో పరీక్షించిన టైర్లకే వేస్తారు. ఒట్టి ఎం ప్లస్ ఎస్ (M+S, బురద, మంచు అని అర్థం) అని ఉంటే ఆ పరీక్ష నెగ్గినట్టు కాదు. వేస్తే నాలుగూ వేయించండి. ముందు రెండే మారిస్తే వెనక భాగం పట్టు తప్పి బండి గిర్రున తిరిగే ప్రమాదం ఉంది. ఈ టైర్లతో పెట్రోల్ కాస్త ఎక్కువ పట్టొచ్చు. పట్టనివ్వండి. పెట్రోల్ లెక్క చూడకూడదని చెప్పిన చోట్లలో ఇది మొదటిది.

గాడుల లోతు చాలా దేశాల్లో చట్టం ప్రకారం 1.6 మిల్లీమీటర్లు ఉంటే సరిపోతుంది. మంచు మీద అది చాలదు. 4 మిల్లీమీటర్లకి దిగగానే మార్చే ఆలోచన మొదలుపెట్టండి.

వంతెన మీద ఆ పొద్దున

ఆరేళ్ల కిందట, ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. డాష్‌బోర్డు మీద 2 డిగ్రీలు చూపిస్తోంది. సున్నా కాదు కదా అని 60లో వెళ్తున్నాను. రోడ్డు తడిగా మెరుస్తోంది, అంతే. వంతెన ఎక్కిన కాసేపటికి టైర్ల చప్పుడు ఆగిపోయింది. రేడియో లేదు, మాటలు లేవు. అంతసేపూ కింద నుంచి వస్తున్న గరగర శబ్దం ఒక్కసారిగా లేకుండా పోయింది. స్టీరింగ్ చేతిలో దూదిలా తేలికైపోయింది. భయంతో బ్రేకు తొక్కాను. కారు ముక్కు ఎడమకి తిరిగింది, వెనక భాగం కుడికి జారింది, ఎంతోసేపు అనిపించిన రెండు క్షణాలు అడ్డంగానే వెళ్లి వెనక బంపరు రెయిలింగ్‌కి తగిలి ఆగింది. వెనక ఏ లారీ రాకపోబట్టి ఈ మాట రాస్తున్నాను.

ఆ రోజు నేను చేసినవన్నీ తప్పులే కాబట్టి ఒక్కొక్కటీ విడదీసి చెప్తాను.

డాష్‌బోర్డు చూపించేది గాలి వేడిని, రోడ్డు వేడిని కాదు. గాలి 2, 3 డిగ్రీలున్నా రోడ్డు పైపొర గడ్డకట్టి ఉండొచ్చు. వంతెనకి కింద నేల లేదు, పైనా కిందా చలిగాలే. అందుకే మిగతా రోడ్డుకన్నా ముందు అది గడ్డకడుతుంది. చెట్ల నీడలో ఉన్న మలుపులు, ఎండ తగలని కొండవార రోడ్లు కూడా అంతే. ఈ పలచటి మంచు పొరని బ్లాక్ ఐస్ అంటారు. నిజానికి అది నలుపు కాదు, అద్దంలా ఉండి కిందున్న తారు కనిపిస్తుంది. తడి రోడ్డు మీద ముందు వెళ్లే బళ్ల చక్రాల నుంచి తుంపర్లు లేవట్లేదంటే అనుమానించండి. టైర్ల చప్పుడు తగ్గినా అనుమానించండి.

జారుతున్నప్పుడు చేయాల్సింది ఇది. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు మెల్లిగా తీయాలి. చూపు మనం వెళ్లాల్సిన వైపే ఉంచి, స్టీరింగ్‌ని అటే నెమ్మదిగా తిప్పాలి. రెయిలింగ్ వైపు చూస్తే చేతులు అటే లాగుతాయి, ఇది నాకు అనుభవం. ఆగి తీరాల్సిందే అనుకున్నప్పుడు, ఏబీఎస్ (బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న కారులో బ్రేకు గట్టిగా తొక్కి అలాగే పట్టి ఉంచాలి. పెడల్ కాలి కింద టకటకా కొట్టుకుంటుంది. ఏదో విరిగిందని భయపడి కాలు తీయొద్దు, అది పనిచేస్తున్న గుర్తు.

ఇక వేగం. పొడి రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగంలో బ్రేకు పట్టాక కారు సుమారు 12, 13 మీటర్లలో ఆగుతుంది. గడ్డకట్టిన మంచు మీద అదే కారు 100 మీటర్ల దాకా జారుతుంది. అదే 30లో వెళ్తుంటే 35 మీటర్లు. వేగం సగానికన్నా కాస్త ఎక్కువున్నా, జారే దూరం మాత్రం మూడో వంతుకి పడిపోయింది. ఫోర్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకీ ఇంజిన్ బలం అందే పద్ధతి) ఉంది కదా అని ధైర్యం పెంచుకునేవాళ్లకి ఒక మాట: అది బండి కదలడానికి సాయం చేస్తుంది, ఆగడానికి చేయదు. ఆగేటప్పుడు అన్ని కార్లకీ ఉండేవి నాలుగు టైర్లే.

జారుడు రోడ్డు మీద క్రూయిజ్ కంట్రోల్ (కాలు పెట్టకుండానే ఒకే వేగం నిలబెట్టే ఏర్పాటు) వాడకండి. చక్రం జారుతున్న సమయంలో వేగం నిలబెట్టాలని అది ఇంకాస్త పవర్ ఇవ్వొచ్చు.

నిండు బిందె పద్ధతి

మా అమ్మాయి డ్రైవింగ్ నేర్చుకునేటప్పుడు ఒకటే చెప్పాను. "వెనక సీట్లో నిండు బిందె పెట్టుకుని వెళ్తున్నావనుకోమ్మా. ఒక్క చుక్క తొణక్కూడదు." యాక్సిలరేటర్, బ్రేకు, స్టీరింగ్ మూడింటికీ ఇదే సూత్రం. మంచు మీద టైరుకున్న కొద్దిపాటి పట్టు, హఠాత్తుగా ఏం చేసినా తెగిపోతుంది. మెల్లిగా చేస్తే నిలుస్తుంది. బిందె తొణక్కుండా నడిపేవాళ్ల పెట్రోల్ కూడా తక్కువే కాలుతుంది.

బ్రేకు తొక్కిన ప్రతిసారీ, అప్పటిదాకా పెట్రోల్ పోసి సంపాదించిన వేగం బ్రేకు డిస్కుల్లో వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. మళ్లీ వేగం అందుకోవడానికి మళ్లీ పెట్రోల్. కాబట్టి ముందు బండి వెనక లైటుని కాదు, దానికి ఇంకా ముందున్న మూడు నాలుగు బళ్లని చూడండి. దూరంగా ఎర్రలైటు కనిపించగానే యాక్సిలరేటర్ వదిలేయండి, గేరులోనే ఉంచండి. గేరులో ఉండి కాలు తీసేస్తే ఇప్పటి ఇంజిన్లు పెట్రోల్ పంపడం పూర్తిగా ఆపేస్తాయి, చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతాయి. న్యూట్రల్‌లో వేస్తే మిగులుతుందనుకునేవాళ్లు ఇది గమనించాలి. న్యూట్రల్‌లో ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికే పెట్రోల్ కాలుతూ ఉంటుంది, పైగా ఇంజిన్ బ్రేకింగ్ (ఇంజినే బండిని నెమ్మదింపజేయడం) పోతుంది. దిగుడు రోడ్డు మీద న్యూట్రల్ మరీ ప్రమాదం.

దీనికి ముందు బండితో దూరం కావాలి. పొడి రోడ్డు మీద రెండు సెకన్లు, తడి రోడ్డు మీద నాలుగు. మంచు గడ్డకట్టి ఉంటే పది రెట్ల దాకా పెంచమంటారు. ముందు బండి ఒక స్తంభాన్ని దాటగానే లెక్కపెట్టడం మొదలెట్టి, మీరు అక్కడికి చేరేసరికి ఎన్ని సెకన్లయిందో చూసుకోండి. మధ్యలో ఎవరో దూరతారు. దూరనివ్వండి, మళ్లీ వెనక్కి తగ్గండి.

మాన్యువల్ గేరు కారు మంచులో కదలకపోతే మొదటి గేరు కాకుండా రెండో గేరులో, క్లచ్ బాగా నెమ్మదిగా వదలండి. చక్రం ఊరికే తిరిగితే కింద మంచు నున్నబడి ఇంకా జారుతుంది.

అద్దాలు, లైట్లు, పొగమంచు

ఇక్కడ పొదుపు మాటే ఎత్తకూడదు. చేతి వెడల్పు మేర గీకి, ఆ కంత లోంచి చూస్తూ నడిపేవాళ్లని ఏటా చూస్తాను. చూసినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. అన్ని అద్దాలూ, లైట్లూ, కారు పైకప్పూ శుభ్రం చేశాకే కదలాలి. పైకప్పు మీద మంచు వదిలేస్తే మొదటి బ్రేకుకే మొత్తం ముందద్దం మీదికి జారుతుంది. ఎల్ఈడీ హెడ్‌లైట్లు పాత బల్బుల్లా ముందువైపు వేడెక్కవు, వాటి మీద పడ్డ మంచు తనంతట కరగదు. దారిలో ఆగినప్పుడు దిగి ఒకసారి తుడవండి. అద్దం మీద వేడినీళ్లు మాత్రం పోయకండి, పగులుతుంది.

లోపల ఆవిరి పట్టినప్పుడు హీటర్‌తో పాటు ఏసీ కూడా ఆన్ చేయండి, లోపలి గాలే తిరిగే బటన్ ఆపేసి బయటి గాలి రానివ్వండి. ఏసీ గాలిలోని తేమని లాగేస్తుంది, రెండు నిమిషాల్లో అద్దం తేటబడుతుంది. దానికి కాస్త పెట్రోల్ అవుతుంది, అద్దం తేటబడ్డాక ఆపేసుకోవచ్చు. హీటర్ గురించి బెంగ వద్దు. పెట్రోల్, డీజిల్ కార్లలో అది ఇంజిన్ పారేసే వేడినే లోపలికి పంపుతుంది.

పొగమంచులో హైబీమ్ వేస్తే వెలుగంతా మంచు తుంపర్లకి తగిలి తిరిగి మన కళ్లలోనే పడుతుంది. లోబీమ్, ఫాగ్ ల్యాంపులు వేయండి. పగటిపూట వాటంతట అవే వెలిగే లైట్లున్నాయి కదా అని ఊరుకోవద్దు. చాలా కార్లలో వాటితోపాటు వెనక లైట్లు వెలగవు. ముందంతా వెలుగే కనిపిస్తుంది, వెనక వచ్చేవాడికి మాత్రం మీరు కనపడరు. స్విచ్ చేత్తో తిప్పి హెడ్‌లైట్లు వేయండి. నడుస్తూ నాలుగు ఇండికేటర్లూ వేసుకోకండి, అప్పుడు మీరు ఎటు తిరుగుతారో ఎవరికీ అర్థం కాదు. కిటికీ కాస్త దించితే కనపడని బళ్లు వినపడతాయి.

బైకు మీద వెళ్లేవాళ్లకి ఒకటే విన్నపం: రోడ్డు గడ్డకట్టిన రోజున బండి తీయొద్దు. రెండు చక్రాల మీద జారితే సర్దుకునే అవకాశం ఉండదు.

బ్యాటరీ, నీళ్లు, డిక్కీ

0 డిగ్రీల దగ్గర మామూలు బ్యాటరీ తన బలంలో మూడో వంతు కోల్పోతుంది, మైనస్ 18 దగ్గర సగం, అంతకన్నా ఎక్కువ కూడా. అదే సమయంలో చిక్కటి ఆయిల్‌ని తిప్పడానికి ఇంజిన్ ఎక్కువ బలం అడుగుతుంది. మూడు నాలుగేళ్లు దాటిన బ్యాటరీని చలి ముదరకముందే పరీక్ష చేయించండి. రేడియేటర్‌లో ఒట్టి నీళ్లు ఉండకూడదు. కూలెంట్ (ఇంజిన్ చల్లబరిచే నీళ్లు గడ్డకట్టకుండా కలిపే ద్రవం), నీళ్లు సగం సగం కలిపితే మైనస్ 35 దాటాక గానీ గడ్డకట్టదు. వైపర్ నీళ్లు కూడా చలికాలానికి తగినవే పోయండి. డీజిల్ బళ్లవాళ్లు చలికాలపు డీజిలే పోయించాలి, లేకపోతే అందులోని మైనం పేరుకుని ఫిల్టర్ మూసుకుపోతుంది.

ట్యాంకు సగానికి తగ్గనివ్వకండి. అందులో బరువు ఎంతో పెరగదు గానీ, దారి మూసుకుపోయి గంటల తరబడి ఇరుక్కున్నప్పుడు ఆ సగం ట్యాంకే దిక్కు. బరువు తగ్గించాలంటే డిక్కీలో అక్కర్లేని సామాను తీసేయండి, వాడని రూఫ్ బాక్స్ విప్పేయండి. దుప్పటి, టార్చి, చిన్న పార, మంచినీళ్లు మాత్రం ఉంచండి.

మంచులో ఇరుక్కుంటే ఈ మాట గుర్తుంచుకోండి. ఇంజిన్ ఆన్ చేసే ముందు దిగి, పొగ గొట్టం చుట్టూ మంచు తవ్వేయండి. అది మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ కారు లోపలికి వస్తుంది. దానికి రంగూ వాసనా లేవు, నిద్రలాగే కమ్ముకుంటుంది. గంటకి పది నిమిషాలు ఇంజిన్ నడిపి, కిటికీ కొద్దిగా తెరిచి ఉంచి, మళ్లీ ఆపేయండి. ఇదే కారణంతో మూసిన గ్యారేజీలో ఎప్పుడూ ఇంజిన్ నడపకండి, ఒక్క నిమిషమైనా సరే.

చిన్నపిల్లలున్నవాళ్లు సీటు బెల్టు మందపాటి కోటు మీద నుంచి వేయకండి. బిగుతుగా ఉన్నట్టే ఉంటుంది, గుద్దుకున్నప్పుడు కోటు నలిగి బెల్టు వదులైపోతుంది. కోటు తీసి బెల్టు పెట్టి, పైన దుప్పటి కప్పండి.

ఎలక్ట్రిక్ కార్లకి లెక్క వేరు. వాటికి ఇంజిన్ వేడి లేదు, హీటర్ కరెంటు నేరుగా బ్యాటరీదే. ప్లగ్ తీయకముందే కారు వేడిచేసుకోండి, దారిలో గాలి హీటర్ తగ్గించి సీటు హీటర్ వాడండి. యాక్సిలరేటర్ వదలగానే బండి గట్టిగా నెమ్మదించే సెట్టింగు ఉంటుంది. మంచు రోజున దాన్ని తగ్గించుకోండి, లేకపోతే కాలు తీయగానే చక్రాలు జారొచ్చు.

రాత్రి కారు పెట్టేటప్పుడు ముందు వైపర్ స్విచ్ ఆపి, అప్పుడు ఇంజిన్ ఆపండి. లేకపోతే పొద్దున అద్దానికి అతుక్కున్న వైపర్లని లాగలేక మోటారు కాలిపోవచ్చు. చలి మరీ ఎక్కువగా ఉండి, నేల చదునుగా ఉంటే హ్యాండ్‌బ్రేక్ లాగకుండా గేరులో వదిలేయండి, బ్రేకు తడికి గడ్డకట్టి పట్టుకుపోకుండా ఉంటుంది. అద్దం గీకే పలక మాత్రం కారులో పెట్టకండి, ఇంట్లో తలుపు పక్కన ఉంచుకోండి. డోర్లు గడ్డకట్టిన పొద్దున అది లోపలుండి లాభం లేదు.